ఎన్నిట్ల ఎన్ని?

(జాతీయ గణిత దినోత్సవం నాడు హనుమకొండలో విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో ఒక విశ్రాంత లెక్కల టీచర్ చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన భాషను మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూసున్నోళ్లకు వినపడుతున్నదా? వినపడకపోతే చెయ్యి లేపండి. అగో, ఇద్దరు లేపిన్రు. అంటే వినపడ్డట్టే. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన సార్ రామానుజన్ గారి గురించి, ఆయన పేరు మీది 1729 అనే అంకె గురించి చక్కగ చెప్పిన్రు. నేను ఆయన జోలికి పోను. గౌరవం లేక కాదు. ముప్పై మూడేండ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పిన దాన్ని, ఒక సంగతి గమనించిన. డిసెంబర్ 22 వచ్చిందంటే ఆయన ఫొటోకు దండ వేస్తం, కలలో అమ్మవారు వచ్చి సూత్రాలు చెప్పిందంటం, పిల్లలు నోరు తెరుచుకొని వింటరు. ఇంటికి పోయి ఏమనుకుంటరు? 'మన కలలోకి ఎవ్వరూ రాలేదు, ఇది మనతోని కాదు' అనుకుంటరు. భయం పోవాలని పెట్టుకున్న పండుగ, భయాన్ని ఇంకింత పెంచి పోతది. అందుకని ఇయ్యాల నేను బీడీలు చుట్టిన ఒకామె గురించి మాట్లాడుత. మా అవ్వ, అంటే మా అమ్మ.

అంతకంటే ముందు ఒక చిన్న పని. లెక్కలంటే భయమున్నోళ్లు చేతులు లేపండి. సిగ్గు పడొద్దు. చూసిన్రా, పిల్లలకంటే తల్లులే ఎక్కువ లేపిన్రు. ముందు వరుసల కూసున్న చెల్లె అయితే రెండు చేతులు లేపింది. చెల్లె, చిట్టీ కడుతున్నవా? ఎంత చిట్టీ? లక్ష రూపాయలది, ఇరవై మంది. పోయిన నెల పాట ఎంతకు పోయింది? పద్దెనిమిది వేలకు. మరి నీకు ఎంత కట్టాల్సి వచ్చింది? నాలుగు వేల మూడు వందల యాభై. విన్నరా? ఆమె చేసిన లెక్క చెప్త. పద్దెనిమిది వేలల అయిదు వేలు నడిపేటోళ్ల కమీషన్. మిగిలిన పదమూడు వేలు ఇరవై మందికి పంచితే తలా ఆరు వందల యాభై. నెల కట్టుడు అయిదు వేలలకెల్లి అది తీసేసింది. నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పింది. ఇప్పుడు మళ్ల అడుగుత, లెక్కలు రావన్న చెయ్యి ఏది? (చప్పట్లు)

మాది మెట్‌పల్లి పక్కన ఊరు. ఆ పక్కంత బీడీలే. మా అవ్వకు అక్షరం ముక్క రాదు, సంతకం కూడా వేలిముద్రే. ఒళ్లో చాట పెట్టుకొని పొద్దుగూకే దాక చుట్టేది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కూలి వెయ్యికింత అని ఇస్తరు. సాయంత్రం కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు బాగా లేవని కొన్ని తీసి పక్కన పడేస్తరు, వాటికి పైసలుండవు.

ఒకనాడు అవ్వ ముప్పై రెండు కట్టలు తీసుకపోయింది. పక్కింటి పెద్దమ్మ నలభై ఎనిమిది కట్టలు. బీడీలు తీసుకునే టేకేదారు ఇద్దరివీ చూసినట్టు చేసి, 'నీయి రెండు కట్టలు పోయినయి, నీయి రెండు కట్టలు పోయినయి' అన్నడు. పెద్దమ్మ సరే అన్నది. మా అవ్వ కదల్లేదు. 'ఎన్నిట్ల ఎన్ని?' అన్నది. 'ముప్పై రెండిట్ల రెండు, నలభై ఎనిమిదిట్ల రెండు, ఇద్దరికీ రెండే ఎట్లయితది? నువ్వు బీడీ చూసి తీసినవా, మనిషికి ఇన్ని అని తీసినవా?' అని అడిగింది. వాడు ఏం చెప్తడు? మనిషికి ఇన్ని అనే తీసిండు. కట్ట విప్పి చూడనే లేదు. అవ్వ ఆ రోజు గెలిచిందని చెప్తలేను, వాడు రెండుకు ఒకటి వాపస్ ఇచ్చిండు, అంతే. కానీ నేను తర్వాత కాలేజీలో చదివిన సంఖ్యాశాస్త్రం అంతట్ల ఇంతకంటే పెద్ద ప్రశ్న చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. అదే ఏడు నేను అయిదో తరగతి. మా సార్ నన్ను లేపి, 'ముప్పై రెండు ఇరవై అయిదులు ఎంత? చప్పున చెప్పు' అన్నడు. చేతిలో బెత్తం. నాకు నోరు ఎండుకపోయింది. ఎక్కం ఇరవై దాకనే వచ్చు, ఆపైన ఇరవై అయిదో ఎక్కం ఎక్కడిది? గోడ కుర్చీ వేయించిండు. తొడలు వణుకుతున్నయి, దోస్తులు నవ్వుతున్నరు. ఇంటికి పోయి ఏడ్చుకుంట అవ్వకు చెప్పిన. అవ్వ చాటలకెల్లి తల లేపకుండనే, 'ముప్పై రెండు కట్టలకు ఎన్ని బీడీలే?' అన్నది. 'ఎనిమిది నూర్లు' అన్న. నాలుగు కట్టలు నూరు, ముప్పై రెండిట్ల నాలుగులు ఎనిమిది. ఆరేండ్ల వయసు నుంచి కట్టలు లెక్కబెడుతున్న పిల్లకు అది లెక్కే కాదు. పొద్దున బడిలో రాలేదు, రాత్రి ఇంట్లో వచ్చింది. అంకె అదే, పిల్ల అదే.

ఇది నా ఒక్కదాని ముచ్చట అనుకున్న చాలా ఏండ్లు. తర్వాత తెలిసింది, బ్రెజిల్ దేశంలో రెసీఫె అనే ఊళ్లె బజార్ల కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్మే పిల్లల మీద ముగ్గురు పరిశోధకులు ఇదే చూసిన్రు. 1985లో అచ్చయింది. బేరం దగ్గర అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గ చెప్పిన్రు. అవే అంకెలు కాగితం మీద, బడి లెక్కల తీరుగ ఇస్తే నూటికి 37. మన దేశంలో కూడా కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన పని 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అదే తేలింది. కానీ అందులో ఇంకో సంగతి ఉన్నది, అది మన టీచర్లం ఎక్కువ మాట్లాడుకోం. బడిలో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లల్ని బజారు లెక్కలు అడిగితే వాళ్లు తడబడ్డరు. అంటే రెండు దిక్కులా వంతెన లేదు. కట్టాల్సింది పిల్లలు కాదు, మేం.

భయం ఏం చేస్తదో మీకు చాట లెక్కన చెప్త. మనసులో లెక్క చేసుకునే జాగా చాటంతనే ఉంటది. ఎంత తెలివిగలోళ్లకైనా అంతే. అందులో ఆకు పెట్టాలె, తంబాకు పెట్టాలె, దారం పెట్టాలె. సగం చాట మీద 'తప్పు చెప్తే ఏమైతదో, అందరు నవ్వుతరేమో' అన్న ఆలోచన పరుచుకున్నదనుకో, ఆకు ఎక్కడ పెడతవు? భయపడే పిల్లకు లెక్క రాక కాదు, జాగా లేక. శాస్త్రవేత్తలు దీన్ని పెద్ద పేరుతోని పిలుస్తరు గానీ సంగతి ఇదే. అమెరికాలో సయాన్ బైలాక్ అనే ఆమె తన శిష్యుడు రమిరెజ్‌తో కలిసి 2011లో ఒక పరీక్ష చేసింది. పరీక్షకు ముందు పది నిమిషాలు, మనసులో ఉన్న భయం అంతా కాగితం మీద రాయమన్నరు. రాసినోళ్లల ఎక్కువ భయపడే పిల్లలకు మార్కులు పెరిగినయి. చాట దులుపుకున్నట్టు. నేను నా ఆఖరి మూడు నాలుగేండ్లు యూనిట్ టెస్టుకు ముందు ఇది చేయించిన. ఒక పిల్ల రాసింది, 'టీచర్, మీరు నా బెంచీ పక్కన నిలబడితే నాకు ఏడో ఎక్కం మర్చిపోత' అని. ఆనాటి నుంచి ఆ బెంచీ పక్కన నిలబడలేదు.

నేనేం పుణ్యాత్మురాలిని కాదు. గోడ కుర్చీ వేసిన ఆ పిల్ల, టీచర్ అయినంక మొదటి పదేండ్లు 'చప్పున చెప్పు, చప్పున చెప్పు' అనే పాఠం చెప్పింది. బెత్తం లేదు, అంతే తేడా. ముందు చెయ్యి లేపినోనికి శభాష్, రెండో నిమిషంలో జవాబు వచ్చినోనికి ఏమీ లేదు. వేగం వేరు, తెలివి వేరు అని నాకు చాలా ఆలస్యంగ తెలిసింది. మంచి లెక్కల మనుషులు నెమ్మదిగ ఉంటరు, ఒక్కోసారి ఏండ్ల కొద్దీ ఒక్క ప్రశ్న మీదనే కూసుంటరు.

తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి ముందుకు పోత. పిల్లల ముందర 'నాకు కూడా చిన్నప్పటి నుంచి లెక్కలు రావు బిడ్డా' అని ఓదార్చకండి. ప్రేమతోనే అంటరు, నాకు తెలుసు. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు పక్కన కూసొని తరచుగ హోంవర్క్ చేయిస్తే, ఆ పిల్లలు ఆ ఏడు తక్కువ నేర్చుకున్నరు, భయం కూడా పెరిగింది అని 2015లో వచ్చిన ఇంకో పరిశోధన చెప్పింది. సాయం చెయ్యొద్దని కాదు. చిట్టీ లెక్క వాళ్లతోని చేయించండి. వెయ్యేండ్ల కింద పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిండు, పాడుకుంట నేర్చుకోవాలని. మనం చిట్టీ పుస్తకంలకెల్లి తెచ్చుకుందాం.

సరే. భయం సగం ముచ్చట. రెండో సగం ఏందంటే, మనం భయపడ్డన్ని రోజులు బయట ఎవరో మన భయం మీద బతుకుతరు. అంకె కనపడంగనే మనం తల ఊపుతం. 'శాతం' అన్న మాట వినపడిందంటే నోరు మూసుకుంటం. మా అవ్వ టేకేదారును అడిగిన ప్రశ్న పేపరోళ్లను, టీవీ వాళ్లను, నాయకులను అడగం.

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచే మొదలుపెడుదాం. మార్కెట్ ధరల్లో మూడు గళ్లుంటయి, చూసిన్రా? కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. 2022లో క్వింటాలు దేశీ మిర్చి తులం బంగారంతోని పోటీ పడిందని పేపర్లన్నీ రాసినయి. అబద్ధం కాదు. కానీ ఆ ధర గరిష్ఠం గడిలోది. మంచి సరుకు, రంగున్న సరుకు, ఒకరిద్దరి బస్తాలకు పడ్డ ధర. మిగతా రైతులకు ఎంత పడ్డదో మోడల్ గడిలో ఉంటది, అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది. పదో తరగతి పిల్లలూ, మీ పుస్తకంలో బాహుళకం అని ఒక పాఠం ఉన్నది కదా, పరీక్షకు సూత్రం బట్టీ పట్టి మర్చిపోతరు కదా, అది ఇదే. మీ నాయిన దాన్ని రోజూ చూస్తడు. పట్నంలో పేపరు చదివేటోడు మాత్రం 'మిర్చి రైతు బంగారం పండిస్తుండు, ఇంక రుణమాఫీ ఎందుకు?' అంటడు. ఒక్క గడి చూసి.

మిత్తి సంగతి కూడా అంతే. మన దగ్గర రెండు రూపాయల మిత్తి అంటే అందరికీ అర్థమైతది. నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఫోన్‌లో వచ్చే అప్పు యాప్ 'రెండు శాతమే' అంటది, కింద చీమంత అక్షరాల్లో 'నెలకు' అని ఉంటది. బండి కొనేటప్పుడు ఇంకో రకం. 'లక్షకు పన్నెండు శాతం మిత్తి, పన్నెండు కిస్తీలు' అంటరు. పన్నెండు వేలు కలిపి పన్నెండుతోని భాగిస్తరు, నెలకు తొమ్మిది వేల మూడు వందల ముప్పై మూడు. కానీ నువ్వు ప్రతి నెల అసలు కూడా కడుతున్నవు కదా! ఆరు నెలలకు నీ దగ్గర ఉన్నది లక్ష కాదు, సగం దాక కట్టేసినవు. మిత్తి మాత్రం ఆఖరు నెల దాక లక్షకే తీసుకుంటున్నరు. నిజంగ లెక్కేస్తే అది ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం దగ్గర పడ్తది. మా ఊళ్లె ఒకాయన రూపాయిన్నర మిత్తిని రెండు రూపాయలు చేసి 'అర్ధ రూపాయే కదా పెంచింది' అన్నడు. ఇచ్చేటోనికి అర్ధ రూపాయి. కట్టేటోనికి మూడో వంతు పెరిగింది.

ర్యాంకుల ఫ్లెక్సీల గురించి మాట్లాడితే ఇక్కడ కొందరికి కోపం వస్తది, అయినా మాట్లాడుత. 'మొదటి పదిలో ఏడు మావే' అంటరు. ఎన్నిట్ల? ఎన్ని వేల మందిని చేర్చుకుంటే ఆ ఏడు వచ్చినయి? మిగతా పిల్లలు ఎక్కడున్నరు? ఫ్లెక్సీ మీద జాగా చాలలేదా? ఇంకోటి పర్సంటైల్. మొన్న ఒక తండ్రి మిఠాయి డబ్బా తెచ్చి 'మా వానికి తొంభై ఎనిమిది వచ్చినయి మేడం' అన్నడు. మంచిగనే వచ్చినయి, నేను మిఠాయి తిన్న. కానీ అది నూటికి తొంభై ఎనిమిది మార్కులు కాదు. నూరు మందిల తొంభై ఎనిమిది మంది ఆ పిల్లగాని కింద ఉన్నరని అర్థం. 2024లో జేఈఈ మెయిన్ రాసినోళ్లు పద్నాలుగు లక్షలు దాటిన్రు. అందులో పైన రెండు శాతం అంటే ఇరవై ఎనిమిది వేల మంది. ఆ తండ్రి ఇక్కడి ఎన్‌ఐటీలో కంప్యూటర్ సీటు ఖాయం అనుకొని వచ్చిండు. ఆ మాట చెప్పుడు నాకు చాలా కష్టమైంది. ముందే ఎవరన్న చెప్తే ఆ పిల్లగానికి ఇంట్లో అన్ని మాటలు పడకపోవు.

ఇప్పుడు కొంచెం నిప్పు మీద నడుద్దాం. కులసర్వే. భయపడకండి, నేను ఏ పార్టీ కాదు, పింఛన్ పార్టీ. (నవ్వులు) మన తెలంగాణల 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి సర్వే లెక్కలు 2025 ఫిబ్రవరిలో వచ్చినయి. బీసీలు 46.25 శాతం అని ఒకరు, 56.33 శాతం అని ఇంకొకరు. టీవీలో ఇద్దరూ ఒకర్నొకరు అబద్ధాలకోరు అనుకున్నరు. మా ఇంటి పక్కాయన నన్నడిగిండు, 'మేడం, ఏది నిజం?' అని. రెండూ ఒకే కాగితంలోయి. ముస్లింలలో ఉన్న బీసీలు 10.08 శాతం. వాళ్లను కలిపితే 56.33, కలపకపోతే 46.25. కూడిక తప్పలేదు. కలపాల్నా వద్దా అన్నది లెక్క కాదు, రాజకీయం, చట్టం. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటది, ఉండాలె కూడా. కానీ ఆ కొట్లాటను అంకెల కొట్లాట లెక్క చూపించిన్రు. మన పని ఏందంటే, అంకెను పక్కకు పెట్టి, 'ఇందులో ఎవర్ని లెక్కబెట్టినవు, ఎవర్ని తీసేసినవు?' అని అడుగుడు.

దాని వెంటనే ఇంకోటి వచ్చింది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజే సమగ్ర కుటుంబ సర్వే జరిగింది, యాదికుండాలె, ఆ రోజు బస్సులు కూడా దొరకలేదు, అందరు ఊర్లకు పోయిన్రు. అందులో బీసీలు 51 శాతం అన్నరు. ఇప్పుడు దాని పక్కన 46 పెడితే తగ్గినట్టు, 56 పెడితే పెరిగినట్టు. ఎవరికి ఏది కావాల్నో అది పెట్టుకున్నరు. ఒకటి ఒక్కరోజు సర్వే, ఇంకోటి వారాల తరబడి జరిగిన సర్వే. కాంటా మారింది, బాటు మారింది. మొన్నటి తూకం, ఇయ్యాల్టి తూకం పక్కపక్కన పెట్టే ముందు రెండింటికీ ఒకటే కాంటానా అని రైతు అడుగుతడు కదా?

2024 సర్వేలో 96.9 శాతం కుటుంబాలను లెక్కబెట్టినం అన్నరు. వింటే ఎంత బాగున్నది! మిగిలింది మూడు శాతం చిల్లర. కానీ ఆ చిల్లర పదహారు లక్షల మంది అని సర్కారోళ్లే చెప్పిన్రు. హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూళ్లు కలిపినా అంతమంది కారు. సర్కారును మెచ్చుకోవాలంటే 96.9 అనాలె, తిట్టాలంటే పదహారు లక్షలు అనాలె. రెండూ సర్కారు చెప్పిన అంకెలే, ఒకే సర్వేలోయి. నాకైతే ఎవరన్న శాతం చెప్తే మనుషుల్ని అడగబుద్ధైతది, మనుషుల్ని చెప్తే శాతం అడగబుద్ధైతది.

రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తది. వచ్చినప్పుడల్లా 'కోటి మంది' అని పేపర్ల వస్తది. సమ్మక్క సారలమ్మల మీద నాకు అనుమానం లేదు, బెల్లం నేను కూడా మోసుకపోత. అంకె మీదనే నా ముచ్చట. 1960లలో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీల హెర్బర్ట్ జేకబ్స్ అని జర్నలిజం చెప్పే ప్రొఫెసర్ ఉండె. ఆయన గది కిటికీలకెల్లి చూస్తే కింద విద్యార్థుల సభలు జరిగేటియి. నేల మీద గళ్లుండె. గడికి ఎంతమంది నిలబడ్డరో చూసి, గళ్లతోని గుణించిండు. ఖుల్లాగ నిలబడితే మనిషికి పది చదరపు అడుగులు, దగ్గర దగ్గరగ నిలబడితే నాలుగున్నర. ఇదేం పెద్ద విద్య కాదు. మన కొలతలకు తెచ్చుకుందాం. గుంట అంటే 1,089 చదరపు అడుగులు. మంది మందిగ నిలబడితే గుంటకు రెండు వందల నలభై మంది. నలభై గుంటలు ఎకరం, ఎకరానికి పదివేలకు కొంచెం తక్కువ. ఇది యాది పెట్టుకోండి, ఎకరానికి పదివేలు. రేపు ఏ పార్టీ సభకైనా 'పది లక్షల మంది వచ్చిన్రు' అంటే మీరు అడగాల్సింది, 'నూరెకరాల జాగా ఎక్కడున్నదే?' అని. (చప్పట్లు) కుర్చీలేస్తే ఇంకా ఎక్కువ కావాలె.

మేడారంలో కోటి మంది ఒక్కసారే నిలబడితే వెయ్యి ఎకరాలు నిండాలె. కానీ అట్ల నిలబడరు. జాతర నాలుగు రోజులు. వాగులో తానాలు చేసి, గద్దెలు మొక్కి, పోయేటోళ్లు పోతుంటరు, వచ్చేటోళ్లు వస్తుంటరు. రద్దీకి భయపడి నెల ముందు నుంచే పోయొచ్చేటోళ్లు కూడా ఉంటరు. వాళ్లనందర్నీ కలిపిన అంకె ఒకటి, ఒక్క పూట గద్దెల దగ్గర ఉన్న అంకె ఇంకోటి. తాగే నీళ్లకు, మరుగుదొడ్లకు, పోలీసులకు రెండోది కావాలె. పేపరు హెడ్డింగుకు మొదటిది కావాలె. కోటి అబద్ధమా అని నన్నడిగితే, 'ఎప్పుడు కోటి?' అని నేను అడుగుత.

తలసరి ఆదాయం. ఇది తొందరగ చెప్పి వదిలేస్త. 2024-25కు మన రాష్ట్రంలో తలసరి ఆదాయం మూడు లక్షల డెబ్బై తొమ్మిది వేల ఏడు వందలకు పైన. ఇంట్లో నలుగురుంటే పదిహేను లక్షలు. ఇక్కడ ఏడాదికి పదిహేను లక్షలొచ్చే ఇండ్లోళ్లు చేతులు లేపండి. ఒక్కరు కూడా లేపలేదు. డాక్టర్ సార్, మీరు కూడా లేపలేదు, సరే, ఇన్‌కం ట్యాక్సోళ్లు ఉన్నరేమో. (నవ్వులు) రాష్ట్రంలో తయారైన సంపద అంతా, కంపెనీల లాభాలతో సహా, జనాభాతోని భాగించిన అంకె అది. మన చేతికొచ్చిన పైసలు కాదు. రంగారెడ్డి జిల్లాది తొమ్మిది లక్షలు దాటింది, అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు ములుగులో కల్లు గీసే మనిషి లెక్కలో కూడా వచ్చి పడ్తయి. చెరువు సగటు లోతు మోకాళ్ల దాకనే అని దిగితే ఏమైతదో మీకు తెలుసు.

పెద్ద అంకెలు విన్నప్పుడు నేను చేసే పని ఒకటున్నది. సర్వే ప్రకారం మనం మూడున్నర కోట్ల పైచిలుకు ఉన్నం. ఏదన్న పథకానికి మూడున్నర వేల కోట్లు అంటే, తలకు వెయ్యి రూపాయలు. అంతే. 'మూడున్నర వేల కోట్లు' అంటే గుండె ఆగినంత పనైతది, తలకు వెయ్యి అంటే ఆలోచించొచ్చు, ఎక్కువా తక్కువా అని. టీవీలో గీతలు గీసే బొమ్మల సంగతి కూడా చూస్తుండండి, కింద గీత సున్నా నుంచి మొదలైందా, తొంభై నుంచి మొదలైందా అని. తొంభై నుంచి మొదలుపెడితే తొంభై ఒకటికి, తొంభై మూడుకు మధ్యల ఆకాశం పాతాళం కనపడ్తది.

టీ వచ్చినట్టున్నది, వాసన వస్తున్నది. ఒక్కటి చెప్పి ఆపుత. ఇప్పటి దాక ఫ్లెక్సీలోళ్లను, టీవీలోళ్లను అన్న. నేను కొట్టించిన ఫ్లెక్సీ సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

చాలా ఏండ్ల కింద ఒక చిన్న ఊరి బడిలో ఉన్న. పదో తరగతిలో ఎనిమిది మందే. ఒక ఏడు నలుగురు పాసయ్యిన్రు. మళ్ల ఏడు కూడా ఎనిమిది మందే, ఆరుగురు పాసయ్యిన్రు. నేను, హెడ్‌మాస్టర్ కూసొని ఫ్లెక్సీ కొట్టించినం. 'ఒక్క ఏడాదిలోనే పాస్ శాతం యాభై నుంచి డెబ్బై అయిదుకు!' అని. లెక్కల టీచర్ అని నా ఫొటో కూడా. పెరిగింది ఇద్దరు పిల్లలు. ఇద్దరికి జ్వరం రాకపోతే పెరుగుతరు, వస్తే తగ్గుతరు. నాకు తెలుసు, తెలిసే కొట్టించిన. పిల్లలు ప్రైవేటుకు పోతున్నరు, బడి మూతపడ్తదన్న భయం ఉండె మాకు.

అప్పుడు మా అవ్వ నా దగ్గరనే ఉండె. కండ్లు సరిగ్గ కనపడకపోయేది. బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ చూపించి సంబురంగ చదివి వినిపించిన. డెబ్బై అయిదు శాతం అవ్వా అన్న.

'ఎన్నిట్ల ఎన్ని?' అన్నది.

ఎనిమిదిట్ల ఆరు అన్న, నోట్లోనే.

అవ్వ కొంచెం సేపు ఏమనలేదు. తర్వాత, 'మరి ఆ ఇద్దరు ఎవలే?' అన్నది.

ఆ ఇద్దరిలో ఒక పిల్ల పెండ్లి చేసుకొని పోయింది, నాకు మళ్ల కనపడలేదు. రెండోవాడు లెక్కల్లోనే తప్పిండు. నా సబ్జెక్టే. ఇప్పుడు మార్కెట్‌లో దడ్వాయి, అంటే తూకం వేసేటోడు. బస్తాను కాంటా మీదికి ఎత్తుతుంటేనే తూకం చెప్తడు, కిలో అటు ఇటు కాదు. తాలు ఎంత పోతది, హమాలీ ఎంత, చేతికి ఎంతొస్తదని రైతులు వాణ్ణే అడుగుతరు, వాడు కాగితం లేకుండ చెప్తడు. మొన్న పత్తి సీజన్ల కనపడ్డడు, కాళ్లు మొక్కిండు. నేను ఇట్ల ఈ సభలో మాట్లాడబోతున్న అని చెప్పి, నువ్వు కూడా రారా, నాలుగు ముక్కలు చెప్పుదువు అన్న.

'నేనేం చెప్త టీచర్, నాకు లెక్కలు రావు కదా' అన్నడు.